నర్సింగ్ హోమ్‌లో దినచర్య: చేసిపెట్టడమా, చేయించడమా?

'నర్సింగ్ హోమ్' అన్న మాటకు మన ఊళ్ళలో ఒక అర్థం, అమెరికాలో మరొక అర్థం ఉన్నాయి. మన జిల్లా కేంద్రాలలో నర్సింగ్ హోమ్ అంటే ఒక వైద్యుడో, వైద్య దంపతులో నడిపే పది, ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ కాన్పులు జరుగుతాయి, అపెండిక్స్ ఆపరేషన్లు జరుగుతాయి. నాలుగైదు రోజులలో రోగి బిల్లు కట్టి ఇంటికి వెళ్ళిపోతాడు. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే తమ పనులు తాము చేసుకోలేని స్థితికి వచ్చిన వృద్ధులు నెలల తరబడి, కొందరు సంవత్సరాల తరబడి నివసించే చోటు. సాధారణంగా ఆ కప్పు కిందనే మరొక విభాగం కూడా ఉంటుంది. ఆసుపత్రి నుండి విడుదలై, ఇంటికి పోయేంత బలం ఇంకా చేకూరని వారికి కొన్ని వారాలపాటు నర్సులు, వ్యాయామ చికిత్సకులు అక్కడ సేవలందిస్తారు. దానిని 'స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ' అంటారు. ఈ వ్యాసంలో దానిని నిపుణ శుశ్రూషాలయం అని వ్యవహరిస్తాను.

ఈ రెండవ అర్థం ఇప్పుడు మనకు కూడా అవసరమవుతున్నది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో వృద్ధుల సంరక్షణ గృహాలు వెలిశాయి. పిల్లలు దూరదేశాలలో ఉన్న తల్లిదండ్రులు వాటిలో చేరుతున్నారు. "మా నాన్నగారిని ఎక్కడ చేర్చమంటారు?" అని నన్ను అడిగేవారి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. డాక్టరు రోజూ వస్తాడా, ఆక్సిజన్ ఉందా, గదిలో ఏసీ ఉందా అని వారు నన్ను అడుగుతారు. ఇవన్నీ అడగవలసినవే. అయితే వీటికంటె ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఆ ఇంటిలో మనిషి తెల్లవారి లేచినప్పటి నుండి రాత్రి పడుకునే వరకు తన పనులలో ఎన్నింటిని తాను చేసుకోగలుగుతున్నాడు? చేరిన నెలకు ఆ సంఖ్య పెరిగినదా, తగ్గినదా?

నేను ముప్పది సంవత్సరాలకు పైగా ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఇప్పుడు నా వయస్సు డెబ్బది నాలుగు. ఈ ప్రశ్న ప్రాముఖ్యం నాకు బాగా తెలిసివచ్చినది మాత్రం ఉద్యోగంలో కాదు, కొన్ని సంవత్సరాల క్రితం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మా అన్నయ్య మంచం పక్కన కుర్చీలో గడిపిన ఆరు వారాలలో. అక్కడ నేను వైద్యుణ్ణి కాను, కేవలం సందర్శకుణ్ణి. ఔషధం వ్రాయడానికి, సలహా చెప్పడానికి అధికారం లేదు. అందువలన చూడటానికి కావలసినంత తీరిక దొరికింది.

ఒక్క పనిపై ఆధారపడిన నిర్ణయం

మా అన్నయ్య ఇంజినీరు. ఉద్యోగ నిమిత్తం వెళ్ళి నలుబది సంవత్సరాలకు పైగా అక్కడే స్థిరపడ్డారు. ఎనుబది ఒకటవ ఏట, ఒకనాటి రాత్రి మూత్రవిసర్జనకు లేచి, స్నానాలగది గడప దగ్గర జారిపడ్డారు. ఎడమ తుంటి ఎముక విరిగింది. మరునాడు శస్త్రచికిత్స చేశారు. ఆసుపత్రిలో ఐదు రాత్రులు గడిచాక నిపుణ శుశ్రూషాలయానికి మార్చారు. నేను వెళ్ళేసరికి ఆయన అక్కడ చేరి నాలుగు రోజులైంది.

మా వదినగారి బరువు నలుబది ఐదు కిలోలు. అన్నయ్య బరువు డెబ్బది పైచిలుకు. కొడుకు, కోడలు ఉద్యోగస్తులు, ఉండేది వేరే ఊరిలో. ఈ పరిస్థితిని విన్న ఫిజికల్ థెరపిస్టు మొదటి వారంలోనే ఒక మాట స్పష్టంగా చెప్పింది: "కమోడ్ మీద నుండి ఆయనంతట ఆయన లేచి నిలబడగలిగితే ఇంటికి పంపుతాము. లేవలేకపోతే ఇంటిలో మీరిద్దరూ పడిపోతారు."

అంటే ఆయన శేషజీవితం సొంత ఇంటిలో గడుస్తుందా, అదే భవనంలోని దీర్ఘకాల విభాగంలో గడుస్తుందా అన్నది ఒక్క పనిపై ఆధారపడి ఉన్నది. ఆ పని ఎక్స్‌రేలో కనిపించదు, రక్తపరీక్షలో తేలదు.

ఆరు నిత్యకృత్యాలు

వృద్ధుల స్వావలంబనను కొలవడానికి వైద్యులు నేటికీ వాడే ఒక కొలమానం ఆ రాష్ట్రంలోనే, క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టింది. సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి బెంజమిన్ రోజ్ ఆసుపత్రిలో, ముఖ్యంగా తుంటి ఎముక విరిగిన వృద్ధులను పరిశీలించి 1963లో దానిని ప్రకటించారు. అందులో ఆరు అంశాలు ఉంటాయి: స్నానం చేయడం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డికి వెళ్ళి శుభ్రపరచుకొని రావడం, మంచం నుండి కుర్చీకి మారడం, మలమూత్రాలపై అదుపు, అన్నం నోటికి అందించుకొని తినడం.

కాట్జ్ గమనించిన విశేషం ఒకటున్నది. జబ్బుపడి కోలుకునే వృద్ధులకు ఈ శక్తులు ఒక వరుసలో తిరిగివస్తాయి. తినడం, మలమూత్రాల అదుపు ముందు వస్తాయి. తరువాత మంచం దిగడం, మరుగుదొడ్డికి వెళ్ళడం వస్తాయి. దుస్తులు వేసుకోవడం, స్నానం చివరన వస్తాయి. పసిబిడ్డ పెరిగేటప్పుడు నేర్చుకునే క్రమం కూడా దాదాపు ఇదేనని ఆయన పేర్కొన్నారు. పోయేటప్పుడు ఈ వరుస తలక్రిందులవుతుంది. స్నానం ముందు పోతుంది, తినడం ఆఖరున పోతుంది.

మీ ఇంటిలో పెద్దవారు ఉంటే ఈ ఆరింటినీ ఒక కాగితం మీద వ్రాసి చూడండి. ఒక్కొక్క దానికి ఎదురుగా 'తానే చేసుకుంటారు', 'కొంత సాయం కావాలి', 'పూర్తిగా మరొకరు చేయాలి' అని గుర్తు పెట్టండి. నెలకొకసారి ఆ కాగితం తీసి చూసుకోండి. రక్తపోటు పుస్తకం కంటె ఈ కాగితం మీకు ఎక్కువ విషయాలు చెప్పవచ్చును.

మంచం చేసే హాని

మంచం మీద విశ్రాంతి ఔషధం వంటిదని మనలో ఒక గాఢమైన నమ్మకం ఉన్నది. వృద్ధుల విషయంలో అది చాలా ప్రమాదకరమైన నమ్మకం. ఆరోగ్యవంతులైన వృద్ధులనే పది రోజులు మంచం మీద ఉంచి పరిశీలించినప్పుడు వారి కాళ్ళలోని కండ దాదాపు ఒక కిలో తగ్గినట్లు 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తేలింది. జబ్బుపడినవారి సంగతి చెప్పనక్కరలేదు.

కదలక పడుకున్న వారి ఊపిరితిత్తులలో క్రిందిభాగాలు సరిగా విప్పారవు, న్యుమోనియా వస్తుంది. కాలి సిరలలో రక్తం గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. పిరుదులు, మడమలు, నడుము క్రింది ఎముక వద్ద చర్మం నలిగి, రక్తప్రసరణ తగ్గి పడక పుండ్లు ఏర్పడతాయి. మోకాళ్ళు, తుంటి కీళ్ళు ముడుచుకొని బిగుసుకుపోతాయి. మలబద్ధకం వస్తుంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ, ఆపైన మనసు చెదరడం మొదలవుతాయి. వీటిలో ప్రతి ఒక్కటీ తుంటి ఎముక విరగడం వలన వచ్చినది కాదు. పడుకోబెట్టి ఉంచడం వలన వచ్చినది.

అందువలననే మంచి శుశ్రూషాలయంలో ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే మనిషిని పగలంతా మంచం మీద కాక కుర్చీలో ఉంచుతారు. కదలలేనివారిని ప్రతి రెండు గంటలకు ప్రక్క మారుస్తారు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల క్రింద దిండు పెడతారు.

ఇరవై ఐదు నిమిషాల లెక్క

అన్నయ్యకు రోజూ గంట సేపు వ్యాయామ చికిత్స జరిగేది. కొంతసేపు ఫిజికల్ థెరపిస్టు నడిపించేది. కొంతసేపు ఆక్యుపేషనల్ థెరపిస్టు, అనగా నిత్యకృత్యాల చికిత్సకురాలు, దుస్తులు వేసుకోవడం, పళ్ళు తోముకోవడం, కుర్చీ నుండి లేవడం నేర్పేది. ఆ గంటలో అన్నయ్య చాలా చేసేవారు. మిగిలిన ఇరవై మూడు గంటలలో ఆ నేర్చినది కరిగిపోవడం నేను చూశాను.

కారణం దుర్మార్గం కాదు. అక్కడ ప్రత్యక్షంగా సేవచేసేది సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్లు అనే సహాయకులు. ఆ దేశపు కేంద్ర చట్టం ప్రకారం వారికి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. మా అన్నయ్య ఉన్న వరుసలో ఒక్కొక్క సహాయకురాలికి ఉదయంపూట పదిమంది వృద్ధులు. ఒకరికి చొక్కా, ప్యాంటు ఆమె తొడిగితే ఐదు నిమిషాలు. అదే పని ఆ వృద్ధుని చేత చేయిస్తూ ప్రక్కన నిలబడితే ఇరవై ఐదు నిమిషాలు. పదిమందికి ఇరవై ఐదు నిమిషాల చొప్పున నాలుగు గంటలు దాటుతుంది. అల్పాహారం ఎనిమిది గంటలకు. కనుక ఆమె తొడిగేస్తుంది. చిరునవ్వుతో, ముద్దుగా మాట్లాడుతూ, చకచకా తొడిగేస్తుంది. వృద్ధుడు చేతులు ఎత్తి నిలబడటం మానేస్తాడు. రెండు వారాలకు చేతులు ఎత్తలేనివాడవుతాడు. అప్పుడు 'దుస్తులకు పూర్తిగా సాయం కావాలి' అని కాగితంలో చేరుతుంది.

అన్నిటికంటె బాధ కలిగించినది మరుగుదొడ్డి వ్యవహారం. అన్నయ్యకు మూత్రం మీద అదుపు పోలేదు. వస్తున్నదని ఆయనకు తెలిసేది, గంట నొక్కేవారు. ఎవరైనా రావడానికి ఒక్కొక్కసారి అరగంట పట్టేది. ఒక రాత్రి, "పరవాలేదు, డైపర్ ఉన్నది కదా, అందులోనే పోసేయండి" అన్నారట. మరునాడు నేను వెళ్ళగానే ఆయన గోడవైపు తిరిగి, "ఒరేయ్, ఎనభయ్యేళ్ళు వచ్చాక నన్ను మళ్ళీ గుడ్డలో పోసుకోమంటున్నారురా" అన్నారు. మా అన్నయ్య నోట అటువంటి గొంతు నేను ఎన్నడూ వినలేదు.

పాఠకులు ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోవాలి. డైపర్‌లో పోసుకోవడం అలవాటైన వృద్ధునికి కొద్ది వారాలలో ఆ అదుపు నిజంగానే సడలుతుంది. చర్మం చెమ్మగిలి పుండ్లు పడతాయి. తడిపితే ఎవరు మార్చాలో అన్న బిడియంతో నీరు త్రాగడం తగ్గిస్తాడు. నీరు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, మతిస్థిమితం తప్పడం వస్తాయి. అన్నిటికంటె ముఖ్యంగా, మరుగుదొడ్డికి వెళ్ళడానికి రోజుకు ఆరేడు సార్లు లేచి నిలబడే మనిషికి, ఆ లేవడమే ఆరేడు విడతల వ్యాయామం. డైపర్ ఆ వ్యాయామాన్ని రద్దు చేస్తుంది. ఏ పని చేయగలిగితే ఇంటికి పంపుతామన్నారో, సరిగ్గా ఆ పనినే డైపర్ మాన్పిస్తున్నది.

చట్టంలో ఉన్న ఒక వాక్యం

అమెరికాలో నర్సింగ్ హోముల దురవస్థపై 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదిక ఇచ్చింది. దాని పర్యవసానంగా 1987లో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం వచ్చింది. ఆ చట్టం ననుసరించి ఏర్పడిన నియమాలలో ఒకటి నాకు ఎంతో నచ్చింది. నివాసి నిత్యకృత్యాలను చేసుకునే శక్తి, అతని జబ్బు స్వభావం వలన అనివార్యమైతే తప్ప, సంస్థలో ఉండగా తగ్గరాదు అన్నది దాని సారాంశం. చేరినప్పుడు మూత్రంపై అదుపు ఉన్నవారికి ఆ అదుపు నిలిచేటట్లు సేవలు అందించాలని కూడా నియమాలు చెబుతున్నాయి. సిబ్బంది సౌకర్యం కోసం కట్టివేయడం, మత్తుమందులు ఇవ్వడం నిషిద్ధం. చేరిన 48 గంటలలో ప్రాథమిక సంరక్షణ ప్రణాళిక, 14 రోజులలో సమగ్ర పరీక్ష పూర్తి కావాలి. ప్రణాళిక తయారీలో పాల్గొనే హక్కు నివాసికి, అతని కుటుంబానికి ఉన్నది.

మూడవ వారంలో ఆ సమావేశం జరిగింది. నర్సు, చికిత్సకులు, పోషకాహార నిపుణురాలు, సామాజిక కార్యకర్త కూర్చున్నారు. మాట్లాడినది మా వదినగారు. ఆమె తెచ్చిన చిన్న పుస్తకంలో పది రోజులుగా అన్నయ్య గంట నొక్కిన సమయం, మనిషి వచ్చిన సమయం వ్రాసి ఉన్నాయి. ఆమె కోపపడలేదు. ఆ పుస్తకం చదివి, "మా ఆయనకు తెలుస్తున్నది. తీసుకువెళ్ళే మనిషి కావాలి" అన్నారు.

ఆ మధ్యాహ్నం నుండి మార్పులు జరిగాయి. గంట నొక్కేవరకు ఆగకుండా, మెలకువగా ఉన్న వేళల్లో ప్రతి రెండు గంటలకు వాకర్‌తో మరుగుదొడ్డికి తీసుకువెళ్ళసాగారు. పగలు డైపర్ తీసివేశారు. నడుము పైభాగపు దుస్తులు ఆయనే వేసుకోవాలని, క్రిందిభాగానికి మాత్రం సాయపడాలని వ్రాసుకున్నారు. దానికోసం ఆయనను అరగంట ముందుగా లేపారు. పడక ప్రక్కన కూర్చున్న మాకు కూడా ఒక పని అప్పగించారు: ఆయన బొత్తాలు పెట్టుకుంటుంటే చేతులు చాచకుండా కూర్చోవడం. నమ్మండి, అది చాలా కష్టమైన పని. ఒక బొత్తాము కోసం ఆయన రెండు నిమిషాలు వెతుకుతుంటే మా వదినగారు చేతులు కొంగులో దాచుకొని కూర్చునేవారు.

ముప్పది ఎనిమిదవ రోజున ఆయన చేతికమ్మీ పట్టుకొని కమోడ్ మీద నుండి తానే లేచారు. నలుబది నాలుగవ రోజున ఇంటికి వచ్చారు. ఇంటిలో కమోడ్ ఎత్తు పెంచాము. గోడకు పట్టుకమ్మీలు బిగించాము. రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టాము. స్నానానికి మాత్రం ఈనాటికీ ఒక మనిషి తోడు కావాలి. కాట్జ్ చెప్పిన వరుసలో అది చివరిది కదా!

అందరికీ ఇటువంటి ముగింపు ఉండదు. అన్నయ్య గదిలో రెండవ మంచం మీద ఒక వృద్ధుడు ఉండేవాడు. పూర్వం బడిపిల్లల బస్సు నడిపినవాడు. భార్య గతించింది. పక్షవాతం వచ్చి ఒక చేయి పడిపోయింది. ఆయన ఇంటికి పోలేదు, దీర్ఘకాల విభాగానికి మారాడు. కాని రోజూ ఉదయం అద్దం ముందు కూర్చొని, బాగున్న చేతితో తన గడ్డం తానే గీసుకునేవాడు. ఆ పనిని అతని చేతినుండి ఎవరూ తీసుకోకుండా చూడటం కూడా నిపుణ శుశ్రూషయే. మెరుగుపడే ఆశ లేదన్న ఒక్క కారణంతో మెడికేర్ నిపుణ సేవలను నిరాకరించరాదని, ఉన్న శక్తిని నిలుపుకోవడానికి కూడా అవి వర్తిస్తాయని 2013లో అక్కడి న్యాయస్థానం ఆమోదించిన ఒక ఒప్పందం స్పష్టపరచింది.

భోజనం, భాష

అన్నయ్య శాకాహారి. మొదటి వారంలో పళ్ళెంలో ఉడికించిన బంగాళదుంప ముద్ద, చిక్కుడుగింజలు, రొట్టె వచ్చేవి. రెండు వారాలలో రెండు కిలోలు తగ్గారు. ఒక నెలలో శరీరబరువు నూటికి ఐదు వంతులు తగ్గితే దానిని తీవ్రంగా పరిగణించాలి. ఎముక అతకడానికి, కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. పోషకాహార నిపుణురాలి అనుమతితో మధ్యాహ్నం ఇంటి నుండి ముద్దపప్పు, పెరుగన్నం తీసుకువెళ్ళాము. తినే వేళ మంచం మీద ఒరిగి ఉండక కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాలి. లేకపోతే పొలమారి అన్నం ఊపిరితిత్తులలోకి పోతుంది. చెంచాతో నోట్లో పెట్టక, చేతికి పళ్ళెం అందించి, తాపీగా తిననివ్వాలి. అన్నయ్య చేత్తో కలుపుకొని తిన్నారు. అది కూడా చేతివేళ్ళకు వ్యాయామమేనని చికిత్సకురాలు సంతోషించింది.

భాష గురించి ఒక మాట. ఆపరేషన్ తరువాతి రాత్రులలో అన్నయ్యకు డెలీరియం వచ్చింది. వృద్ధులలో ఇది తరచు కనిపించే తాత్కాలికమైన మతిభ్రమ. ఆ స్థితిలో నలుబది ఏళ్ళుగా మాట్లాడిన ఆంగ్లం జారిపోయి తెలుగే మిగిలింది. ఆయన అర్థంలేని శబ్దాలు చేస్తున్నారని రాత్రి నర్సు వ్రాసుకున్నది. ఆయన అడిగినది "మంచినీళ్ళు". వదినగారు పది మాటలు, నీళ్ళు, నొప్పి, చలి, బాత్‌రూము వంటివి, ఆంగ్లలిపిలో అర్థంతోసహా వ్రాసి మంచం తలాపున అంటించారు. విదేశాలలో తల్లిదండ్రులున్న ప్రతివారు ఈ పని చేయవలసినది. కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు పేరు వ్రాసి దగ్గరుంచండి. అవి లేని వృద్ధుడు మతిలేని వాడిగా కనిపిస్తాడు.

ఖర్చు విషయం

అమెరికాలో తల్లిదండ్రులున్న పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. సాంప్రదాయిక మెడికేర్‌లో నిపుణ శుశ్రూషాలయపు ఖర్చు లభించాలంటే అంతకుముందు ఆసుపత్రిలో కనీసం మూడు రోజులు వరుసగా 'ఇన్‌పేషెంట్'గా ఉండాలి. విడుదలైన రోజు లెక్కకు రాదు. 'అబ్జర్వేషన్' పేరిట ఉంచిన రోజులు కూడా లెక్కకు రావు. మంచం ఒకటే, గౌను ఒకటే అయినా లెక్క వేరు. కనుక మొదటిరోజే అడిగి తెలుసుకోండి. అర్హత ఉంటే మొదటి 20 రోజులు పూర్తిగా, 21 నుండి 100వ రోజు వరకు రోజుకు రెండు వందల డాలర్ల పైచిలుకు మన వాటా పోను మిగిలినది మెడికేర్ భరిస్తుంది. ఆపైన ఏమీ రాదు. కేవలం స్నానం, దుస్తులు, భోజనాలకు సాయం కావలసిన దీర్ఘకాల నివాసానికి మెడికేర్ చెల్లించదు. ప్రైవేటు కంపెనీల మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలలో నియమాలు వేరుగా ఉంటాయి. గ్రీన్ కార్డుపై వెళ్ళిన తల్లిదండ్రులు అరువది ఐదు ఏళ్ళు నిండి, ఐదు సంవత్సరాలు ఎడతెగక అక్కడ నివసించిన తరువాతనే మెడికేర్‌ను కొనుక్కొనగలరు. సందర్శకులుగా వెళ్ళేవారికి మెడికేర్ వర్తించదు.

మన దగ్గర ఏమి చూడాలి?

మన దేశంలో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధులకోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే వృద్ధాశ్రమాలు నెలకొల్పవచ్చునని అందులో ఉన్నది. పోషణ కోరే హక్కు ఉన్నది, ట్రిబ్యునళ్ళు ఉన్నాయి. సాయం కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది. అయితే 'మనిషి శక్తి సంస్థలో ఉండగా తగ్గరాదు' అన్న వాక్యం అందులో లేదు. ఆ వాక్యాన్ని కుటుంబమే గుర్తుపెట్టుకోవాలి.

నాతో పనిచేసిన ఒక సహోద్యోగిని ఒక నగరంలోని సంరక్షణ గృహంలో చూడటానికి వెళ్ళాను. గది అద్దంలా ఉన్నది. దుప్పటి తెల్లగా ఉన్నది. ఆయనకు మూత్రపు గొట్టం అమర్చి ఉన్నది. ఎందుకని అడిగితే, "రాత్రిపూట ఇబ్బంది లేకుండా" అన్నారు. ఎవరికి ఇబ్బంది లేకుండా అన్నది నేను అడగలేదు, వారు చెప్పలేదు. ఆయన మోకాళ్ళు అప్పటికే చాచడానికి వీలులేకుండా ముడుచుకున్నాయి. చేరినప్పుడు ఆయన కర్ర పట్టుకొని నడిచారు.

కనుక మీవారిని చేర్చబోయే చోటును చూడటానికి వెళ్ళేటప్పుడు వీటిని గమనించండి.

ఉదయం పదకొండు గంటలకు వెళ్ళండి. ఎంతమంది మంచాల మీద ఉన్నారు, ఎంతమంది కుర్చీలలో ఉన్నారు, ఎంతమంది నడుస్తున్నారు? ఎంతమంది సొంత దుస్తులలో ఉన్నారు, ఎంతమంది నైటీలలో, గౌనులలో ఉన్నారు?

భోజన సమయం వరకు ఉండండి. తినగలిగినవారి చేత తినిపిస్తున్నారా, లేక వరుసగా కూర్చోబెట్టి నోట్లో కుక్కుతున్నారా?

గంట నొక్కితే ఎంతసేపటికి వస్తారో స్వయంగా చూడండి. పగలు, రాత్రి ఒక్కొక్క సహాయకునికి ఎంతమంది వృద్ధులో అడగండి. రాత్రి సంఖ్యను తప్పక అడగండి.

మూత్రపు గొట్టాలు, డైపర్లు ఎంతమందికి ఉన్నాయి? వైద్య కారణం చెప్పగలుగుతున్నారా?

వారంలో ఎన్ని రోజులు ఫిజియోథెరపిస్టు వస్తారు? వారు నేర్పినదానిని మిగతా వేళల్లో ఎవరు చేయిస్తారు?

ముందుగా చెప్పకుండా వచ్చి చూడనిస్తారా? ఈ ఒక్కదానికి 'వీలుపడదు' అంటే అక్కడినుండి లేచి రండి.

ఇంటిలో ఉంచుకొని చూసేవారికి

మనలో అధికసంఖ్యాకులు పెద్దవారిని ఇంటిలోనే చూసుకుంటున్నారు. వారికి నేను నమస్కరిస్తున్నాను. అయితే నా ఉద్యోగ జీవితంలో నేను తరచు విన్న ఒక మాట ఉన్నది: "అమ్మను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నామండీ, డాక్టరు గారూ." ఎంతో ప్రేమతో, కొంత గర్వంతో చెప్పే మాట అది. మన భాషలో అంతకు మించిన సేవ లేదు. శరీరశాస్త్రం దృష్టిలో అంతకు మించిన హాని కూడా లేదు. అక్కడ తీరిక లేక తొడిగేసిన సహాయకురాలు, ఇక్కడ ప్రేమ ఎక్కువై ముద్దలు కలిపి నోట్లో పెట్టే కూతురు, ఇద్దరూ ఆ వృద్ధుని చేతి నుండి ఒకే వస్తువును తీసుకుంటున్నారు.

అమ్మ కూరగాయలు తరుగుతానంటే తరగనివ్వండి. గంట పట్టనివ్వండి. నాన్న తన తువ్వాలు తాను ఆరవేసుకుంటే తిన్నగా లేదని సరిచేయకండి. మంచినీళ్ళ చెంబు మంచం ప్రక్కన కాక నాలుగడుగుల దూరంలో బల్ల మీద ఉంచండి. జారిపడకుండా ఆ నాలుగడుగులలో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఏర్పాటు చేయండి. పడిపోతారన్న భయంతో కూర్చోబెడితే కాళ్ళు సన్నబడి, చివరికి కూర్చున్న కుర్చీ నుండి పడతారు.

ఇక నా సంగతి. ఈ వయస్సులో ఏ రోజు ఏ ఎముక విరుగుతుందో చెప్పలేము. పిల్లలకు ఒక కాగితం వ్రాసి ఇచ్చాను. అందులో ఆస్తిపాస్తుల ప్రస్తావన లేదు. నేను ఉదయం ఎన్ని గంటలకు లేస్తాను, స్నానానికి ఎంత వేడినీళ్ళు కావాలి, ఏ చేతివైపు మంచం దిగుతాను, కాఫీలో చక్కెర ఎంత, పత్రిక ముందు ఏ పుట నుండి చదువుతాను అన్నవి ఉన్నాయి. చివరి వాక్యం: "నేను ఎంత ఆలస్యంగా చేసినా సరే, నా బొత్తాలు నన్నే పెట్టుకోనివ్వండి." మీరు కూడా అటువంటి కాగితం ఒకటి ఈ వారంలోనే వ్రాసిపెట్టుకోండి. మీ ఇంటిలోని పెద్దవారి చేత కూడా వ్రాయించండి. వారు వ్రాయలేకపోతే, చెబుతుండగా మీరు వ్రాసుకోండి.